గతవర్తనము, రాజవిశ్వాసము

రాజ్యము ఒక మనుష్యుని చేతికి తన రహస్యములను గాని, ఆయుధములను గాని, అధికారమును గాని అప్పగింపబోవునపుడు అతని విద్యాబుద్ధులను మాత్రమే కాక అతని వెనుకటి నడవడిని గూడ ఆరయుట ప్రాచీనకాలము నుండియు వచ్చుచున్న ఆచారమే. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు ఉపధలచేత పరీక్షింపవలెనని విధించి, ధర్మోపధయందు నిలిచినవానిని న్యాయస్థానమునందును, అర్థోపధకు లొంగనివానిని కోశాగారమునందును, నాలుగింటను గెలిచినవానిని మంత్రిపదవియందును నియోగింపవలెనని చెప్పెను. ఏ పదవికి ఏ గుణము కావలయునో ఆ గుణమునే పరీక్షింపవలెననునది ఆ శాసనమునందలి సారము. నేటి ప్రభుత్వములు ఈ పనిని పోలీసు ఠాణాలోని రికార్డుల మూలమున జరిపించుచున్నవి. అందువలన నాడు పరీక్షకు నిలిచినది మనుష్యుడు కాగా, నేడు నిలుచుచున్నది అతనిపై ఎవరో ఎప్పుడో వ్రాసిన కాగితము.

ఆ కాగితము తెలుపునది మనుష్యుని శీలమునా, లేక అది వ్రాయబడిన నాటి ప్రభుత్వముయొక్క చిత్తవృత్తినా అను ప్రశ్నకు సమాధానము వెదకదలచినవారికి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును, దానిని ఆనుకొనియున్న తార్నాకయు చూపునన్ని దృష్టాంతములు తెలుగు దేశమున మరియొక చోట దొరకుట అరుదు. 1918లో ఉర్దూ మాధ్యమముతో వెలసిన ఈ విశ్వవిద్యాలయము అడిక్‌మెట్ నేలపై స్థిరనివాసమేర్పరచుకొనిన పిమ్మట, దాని చుట్టును ప్రభుత్వ సంస్థలు ఒకదాని వెంబడి మరియొకటి వెలసినవి. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి ఇచ్చటికి తరలివచ్చెను. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో స్థాపింపబడెను. నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడుచున్న పరిశోధనాలయమును, కణజీవశాస్త్ర కేంద్రమును అదే బాటలో నున్నవి. లాలాగూడ వైపునకు తిరిగినచో రైల్వే కర్మాగారమును, రైల్వే సంకేత విద్యాసంస్థయు కనబడును. మౌలాలి వైపునకు సాగినచో అణు ఇంధన సముదాయమును, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును వచ్చును. నగరముయొక్క దక్షిణపు అంచున కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనాశాలలు నెలకొన్నవి. కావున ఈ ప్రాంగణమునందు చదివిన యువకునకు ఎదుట రెండు దారులు ఎల్లప్పుడును కలవు: ఒకటి ఆర్ట్స్ కళాశాల మెట్లమీది సభకు పోవునది, రెండవది ఆ సంస్థల ద్వారములకు పోవునది. మొదటి దారిని నడచినవారు రెండవ దారిని నడువవచ్చునా అనునదే ఈ వ్యాసమునకు విషయము.

మన దేశమునందు అమెరికాలో వలె తరగతుల వారీగా రహస్యార్హతాపత్రమును పొందు బహిరంగ పద్ధతి లేదు. ఇక్కడ ఆ పనిని జనులు పోలీసు వెరిఫికేషన్ అని పిలుచు విచారణయే నిర్వర్తించుచున్నది. ఉద్యోగమునకు ఎంపికయైన అభ్యర్థి అటెస్టేషన్ ఫారమును నింపవలెను; తాను గడచిన అయిదేండ్లలో ఎచ్చటెచ్చట నివసించెనో వ్రాయవలెను; తన్నెరిగిన పెద్దల పేర్లను తెలుపవలెను. ఆ ఫారము జిల్లా పోలీసు కార్యాలయమునకు పోయి, అచ్చటి నుండి స్పెషల్ బ్రాంచికిని, స్థానిక ఠాణాకును చేరును. కానిస్టేబులు ఇంటికి వచ్చి ఇరుగుపొరుగువారిని విచారించును. ఠాణాలోని కేసుల పుస్తకమును తిరుగవేయును. నివేదిక వచ్చిన మీదట నియామకాధికారి నిర్ణయించును. అణుశక్తి, రక్షణ శాఖల వంటి చోట్ల ఈ విచారణ మరింత లోతుగా సాగును.

ఆ ఫారమునందలి ప్రశ్నలను సావధానముగా చదివినవారికి దాని ఆంతర్యము బోధపడును. మీరెన్నడైనను అరెస్టయితిరా? మీపై ప్రాసిక్యూషను జరిగెనా? నిర్బంధమునందుంచబడితిరా? మీచేత పూచీకత్తు వ్రాయించుకొనిరా? న్యాయస్థానము మీకు జరిమానా గాని శిక్ష గాని విధించెనా? ఏ విశ్వవిద్యాలయమైనను మిమ్ములను పరీక్షలకు రాకుండ నిషేధించెనా, లేక విద్యాలయము నుండి బహిష్కరించెనా? అబద్ధము వ్రాసినను, నిజమును దాచినను అనర్హులగుదురని ఫారము శిరోభాగముననే హెచ్చరిక ముద్రింపబడియుండును. అవునని వ్రాసినవారు వివరములు తెలుపవలెను గాని, ఎందుకు అరెస్టయితిరి, ఎందుకు బహిష్కృతులయితిరి అని అందు ప్రత్యేకముగా అడుగరు. ఆ లోపమునందే మనము చెప్పుకొనబోవు చరిత్ర యంతయు ఇమిడియున్నది.

1938వ సంవత్సరాంతమునకు ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనము ఇంకను పూర్తికాలేదు. దానికి ప్రారంభోత్సవము మరుసటి సంవత్సరము డిసెంబరులో జరిగెను. అయితే ప్రాంగణమునందలి వసతిగృహములలో విద్యార్థులు నివసించుచుండిరి. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పుట్టుకకు ముందే నిషేధింపబడి అక్టోబరులో సత్యాగ్రహమునకు దిగియుండెను. ఆర్యసమాజమువారి సత్యాగ్రహమును సమకాలమున ఆరంభమయ్యెను. ఆ కాలమునందు హిందూ విద్యార్థులు తమ ప్రార్థనా మందిరములయందు వందేమాతర గీతమును పాడుటకు మొదలిడగా, అది రాజకీయ గీతమను కారణముచేత అధికారులు నిషేధించిరి. నిషేధమునకు తలయొగ్గనివారు వసతిగృహములనుండియు, పిమ్మట తరగతులనుండియు వెడలగొట్టబడిరి. ఔరంగాబాదు, గుల్బర్గా, మహబూబునగరము, వరంగల్లులలోని కళాశాలలకును దీనికి నిరసనగా విద్యార్థులు చేసిన సమ్మె వ్యాపించెను. బహిష్కృతుల సంఖ్య వందలకు చేరెను.

ఒక విశ్వవిద్యాలయమునుండి బహిష్కరింపబడినవానిని మరియొక విశ్వవిద్యాలయము చేర్చుకొనకుండుట విద్యాలయముల మధ్య మర్యాదగా చెల్లుచున్న నియమము. ఆ మర్యాదను పక్కనబెట్టి ఆ యువకులు చేసినది పాట పాడుట మాత్రమేనని గ్రహించి వారికి ప్రవేశమిచ్చినది నాగపూరు విశ్వవిద్యాలయము. దాని ఉపకులపతిగానుండిన టి.జె. కేదార్ ఆ ఉదారమైన నిర్ణయమునకు కారకుడయ్యెను. చెరసాలలో కొరడాదెబ్బలు తినుచు ప్రతి దెబ్బకును వందేమాతరమని నినదించినందున ఆ నినాదమే ఇంటిపేరయిన రామచంద్రరావు ఆ కాలపు మనుష్యుడే. వరంగల్లులో చదువుచు సమ్మెయందు పాల్గొని వెలివేయబడిన యువకులలో పాములపర్తి వేంకట నరసింహారావు ఒకడు. ఆయన నాగపూరు చేరి చదువు కొనసాగించెను, పూనాలో పట్టభద్రుడయ్యెను, మరల నాగపూరులోనే న్యాయశాస్త్ర పట్టము పొందెను. విశ్వవిద్యాలయము మిమ్ములను బహిష్కరించెనా అను ప్రశ్నకు ఆ తరమువారు సత్యము వ్రాయదలచినచో అవునని తప్ప మరియొకటి వ్రాయుటకు వీలులేదు. అట్టి సమాధానము కలిగిన మనుష్యుడు 1991 జూనులో ఈ దేశమునకు ప్రధానమంత్రియై, రాజ్యరహస్యములన్నిటికిని అధిపతియై కూర్చుండెను.

చరిత్ర అంతటితో ఆగలేదు. 1972లో, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున, కేంద్ర ప్రభుత్వము స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను పథకమును ప్రవేశపెట్టెను. సాధారణముగా ఆరు మాసములకు తక్కువ కాని కారాగారవాసము దానికి అర్హతగా నిర్ణయింపబడెను. కాలక్రమమున హైదరాబాదు సంస్థానమునందలి ఆర్యసమాజ సత్యాగ్రహమును, సరిహద్దు శిబిరములయందలి పోరాటమును గూడ ఆ పథకమునందు చేర్చిరి. ఏ జైలు రికార్డు నాటి సత్యాగ్రహులను ఉద్యోగమునకు అనర్హులుగా చేసియుండెనో, ఆ జైలు రికార్డు నకలునే పుచ్చుకొని వృద్ధులు పింఛనుకై కార్యాలయముల చుట్టును తిరిగిరి. కాగితమునందలి అక్షరములు మారలేదు. వానిని చదువు ప్రభుత్వము మారెను.

మారిన ప్రభుత్వము మరియొకరి కాగితములను మరియొక విధముగా చదివెనని గూడ చెప్పక తప్పదు. 1948 సెప్టెంబరున భారత సైన్యము నిజాము రాజ్యమును వశపరచుకొనిన పోలీసు చర్య అనంతరము జనరల్ చౌధురి సైనిక పాలనలో సంస్థాన ఉద్యోగులపై విచారణ సాగెను. నిన్నటి దాక ప్రభుభక్తులుగా ఎన్నబడినవారిలో అనేకులు నిజాము పక్షపు సాయుధ దళమైన రజాకార్లతో సంబంధమున్నదను అనుమానముపై పదవులు కోల్పోయిరి; వారిలో నిజముగా దౌర్జన్యమునకు పాల్పడినవారును, కేవలము అనుమానమునకు ఎరయైనవారును కలిసిపోయిరి. ఆ సమయముననే కమ్యూనిస్టులపై మరియొక వేట సాగెను. ఉస్మానియాలో చదివి సిటీ కళాశాలలో అధ్యాపకుడుగానుండి ఉద్యోగమును విడిచిన మఖ్దూం మొహియుద్దీన్ వంటివారు, రావి నారాయణరెడ్డి వంటివారు అజ్ఞాతవాసమున గడపవలసివచ్చెను. ఆ నారాయణరెడ్డియే 1952 ఎన్నికలలో నల్లగొండ నుండి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో పార్లమెంటునకు గెలిచెను. ప్రజలు విశ్వాసపాత్రుడని తీర్పుచెప్పిన మనుష్యుని, అదే కాలమున ప్రభుత్వ యంత్రాంగము అత్యంత ప్రమాదకరునిగా చూచుచుండెననుట గమనింపదగినది. రాజ్యవిశ్వాసమునకును లోకవిశ్వాసమునకును నడుమ ఇంతటి దూరముండుట ప్రజాస్వామ్యమునకు తొలినాళ్ల పరీక్ష.

ఆ భయము నియమముల రూపమును గూడ ధరించెను. 1949లో రైల్వే ఉద్యోగులకొరకు జాతీయ భద్రతా సంరక్షణ నియమములు వెలువడినవి. విద్రోహచర్యలయందు పాల్గొనుచున్నాడని సహేతుకముగా అనుమానింపబడిన ఉద్యోగిని నిర్బంధ విరమణతో పంపివేయవచ్చునని వాని సారాంశము. ఆ నియమములక్రింద ఉద్యోగము కోల్పోయినవారు సుప్రీంకోర్టునకు పోయిరి. ఆ వ్యాజ్యమునకు నేటికిని బాలకోటయ్య కేసనియే పేరు. 1957 డిసెంబరునందు న్యాయస్థానము ప్రభుత్వ పక్షముననే తీర్పుచెప్పెను: కమ్యూనిస్టుగా నుండుటకును, సంఘమును ఏర్పరచుకొనుటకును ఎవరికైనను హక్కు కలదు, ప్రభుత్వోద్యోగమునందే కొనసాగుటకు మాత్రము ఆ హక్కు ఆధారము కాజాలదు, నిర్బంధ విరమణ తొలగింపు కాదు గనుక రాజ్యాంగమునందలి 311వ అధికరణమునందలి రక్షణయు వర్తింపదు. తర్కము నిర్దుష్టముగనే కనబడును. కాని జీతమునకై రైల్వేపై ఆధారపడిన కుటుంబమునకు ఆ తర్కము చేతిలో మిగిల్చినది హక్కు మాత్రమే.

1969వ సంవత్సరము మరల ప్రాంగణమునకు అగ్నిపరీక్ష తెచ్చెను. స్థానికులకు ఉద్యోగములయందు కల్పించిన ముల్కీ రక్షణల ఉల్లంఘనపై రేగిన ప్రత్యేక తెలంగాణోద్యమమునకు ఉస్మానియా విద్యార్థులే వెన్నెముకగా నిలిచిరి. లాఠీలు, కాల్పులు, అరెస్టులు నిత్యకృత్యములయ్యెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. విద్యార్థుల కార్యాచరణ సంఘమునకు నాయకత్వము వహించిన మల్లికార్జున్ 1971లో తెలంగాణ ప్రజాసమితి పక్షమున లోక్‌సభకు ఎన్నికయ్యెను. నరసింహారావు మంత్రివర్గమునందు రక్షణశాఖ ప్రధానమంత్రి చేతనేయున్న కాలమున ఆ శాఖకు సహాయమంత్రిగా నుండినవాడు ఈ మల్లికార్జునే. 1938లో పాటకై వెలివేయబడిన విద్యార్థియు, 1969లో పోలీసులకు ఎదురునిలిచిన విద్యార్థియు ఒకే కాలమున దేశరక్షణ వ్యవహారమును చూచుచుండగా, వారి శాఖకు చెందిన ప్రయోగశాలలో చిన్న ఉద్యోగమునకు దరఖాస్తు చేయు యువకుడు మాత్రము తాను ఎన్నడైనను అరెస్టయ్యెనా అనుదానికి ప్రమాణపూర్వకముగా సమాధానము వ్రాయవలసియుండెను. మంత్రులకు ఓటరు యోగ్యతాపత్రమిచ్చును. గుమాస్తాకు ఠాణా ఇయ్యవలెను.

ఈ వైషమ్యమును న్యాయపీఠమునుండి గట్టిగా ప్రశ్నించినవాడు తెలుగువాడగుట మనకు సంతోషకరము. మధ్యప్రదేశములో రామశంకర రఘువంశి అను ఉపాధ్యాయుడు పనిచేయుచుండిన పురపాలక పాఠశాలను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. అతడు పూర్వము ఆర్.ఎస్.ఎస్., జనసంఘముల కార్యక్రమములయందు పాల్గొనియుండెనని పోలీసులు నివేదింపగా అతని ఉద్యోగము పోయెను. 1983లో ఆ వ్యాజ్యము జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఎదుటకు వచ్చెను. వామపక్ష భావములయెడ సానుభూతి గలవాడని పేరుపడిన ఆ న్యాయమూర్తి, ఆ భావములకు పూర్తిగా వ్యతిరేకమైన పక్షమునకు చెందిన ఉపాధ్యాయుని రక్షించెను. భారతదేశము పోలీసు రాజ్యము కాదనియు, పౌరుని రాజకీయ విశ్వాసములపై పోలీసులిచ్చు రహస్య నివేదికలే అతని జీవనోపాధిని నిర్ణయించుట రాజ్యాంగమునకు విరుద్ధమనియు ఆయన నిర్ణయించెను. దేశనాయకులే యువకులను రాజకీయములయందు పాల్గొనుడని ప్రబోధించుచుండగా, అన్యాయమును చూచి తీవ్రముగా చలించియో, పెద్దలు ముందునకు నెట్టగానో ఏదేని ఆందోళనలో చిక్కుకొనిన యువకునకు అది జీవితాంతము మచ్చగా నిలువవలయునా అని ఆయన అడిగెను. దేవతలు మాత్రమే ప్రవేశింపదగిన స్వర్గమా ప్రభుత్వోద్యోగమని ఆయన వేసిన ప్రశ్న న్యాయవాదుల నోళ్లలో నేటికిని నానుచున్నది.

ఇట్టి ప్రశ్న ఇతర దేశములయందును లేకపోలేదు. అమెరికాలో ప్రథమ అణ్వస్త్రమును నిర్మించిన శాస్త్రజ్ఞులకు నాయకుడైన ఓపెన్‌హైమరునకు, అతని యౌవనమునందలి వామపక్ష మైత్రులను, హైడ్రోజను బాంబు విషయమున అతడు చెప్పిన అభిప్రాయములను కలిపి లెక్కించి, 1954లో రహస్యార్హతను తొలగించిరి. అతడు మరణించినది 1967లో. ఆ నిర్ణయము సదోషమైన పద్ధతిపై జరిగినదని అమెరికా ప్రభుత్వము దానిని రద్దుచేసినది 2022 డిసెంబరులో. ఆ దేశమువారు అట్టి అనుభవముల పిమ్మట తమ కొలతలను పదమూడు మార్గదర్శక సూత్రములుగా ప్రకటించిరి. వ్యక్తిగత వర్తనమును గురించిన సూత్రమందొకటి. తప్పు ఎంత తీవ్రమైనది, ఎంతకాలము క్రిందటిది, ఏ వయస్సులో జరిగినది, మరల జరుగునా, స్వయముగా చెప్పెనా దాచెనా అని ఆలోచించి, మనుష్యుని సమగ్రముగా తూచవలెనని వారి నియమము. తిరస్కరింపబడినవానికి కారణములు తెలుపుదురు. మొరపెట్టుకొను మార్గమును కలదు. అచ్చటి పౌరసత్వము పొంది రక్షణసంస్థలలో కొలువు కోరు తెలుగువారు పుటలకొలది ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయుచున్నారు. కాని ఏ కొలబద్దతో తమ్ము కొలుతురో వారు ముందుగా చదువుకొనగలరు. మన అభ్యర్థికి ఆ సౌకర్యము లేదు.

2009 నవంబరు మాసాంతమున ఆరంభమైన మలి తెలంగాణోద్యమము ఈ సమస్యను వందల ఇండ్లలోనికి తెచ్చెను. తార్నాక కూడలి నుండి ఎన్.సి.సి. ద్వారము వరకు ముండ్లకంచెలు, పారామిలటరీ దళములు, బాష్పవాయువు ఆ దినములయందు సామాన్య దృశ్యములయ్యెను. డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటుపై కేంద్రము చేసిన ప్రకటనకు ముందును, దాని పిమ్మటి యేండ్లలోను విద్యార్థులపై కేసులు కుప్పలుగా పడినవి. నిషేధాజ్ఞలను ధిక్కరించుట, ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకము కలిగించుట, ఆస్తి ధ్వంసము మొదలగు సెక్షన్లు పేరుతెలిసినవారికిని, గుంపులో కనబడినవారికిని సమానముగా అంటినవి. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమును, 2014 పిదప తెలంగాణ ప్రభుత్వమును కేసుల ఉపసంహరణకు ఉత్తర్వులిచ్చినవి. అయినను నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 321వ సెక్షను ననుసరించి న్యాయస్థానము సమ్మతించిన గాని కేసు తొలగకుండెను. రైల్‌రోకోల వలన రైల్వే చట్టముక్రింద నమోదైన కేసులు రాష్ట్ర ప్రభుత్వముయొక్క చేతిలోనివి కావు. కొత్త రాష్ట్రమును సాధించిన ఉద్యమమునందు పాల్గొన్నవాడు, ఆ రాష్ట్రమునందే కానిస్టేబులు ఉద్యోగమునకు ఫారము నింపుచు, తనపైనున్న కేసును వ్రాయుటయా మానుటయా అని తడబడవలసిన స్థితి ఏర్పడెను. విదేశములకు పోదలచినవానికిని ఇదే చిక్కు: 1967 నాటి పాస్‌పోర్టు చట్టమునందలి ఆరవ సెక్షను ప్రకారము క్రిమినల్ కేసు నడుచుచున్నవానికి పాస్‌పోర్టు నిరాకరింపవలెను, 1993 నాటి ప్రకటన ననుసరించి న్యాయస్థానపు అనుమతి తెచ్చుకొనిన గాని అది చేతికి రాదు.

ఈ చిక్కును విప్పుటకు న్యాయస్థానములు క్రమక్రమముగా దారి వేసినవి. 1996లోను 2003లోను సుప్రీంకోర్టు కఠినముగనే యుండెను: కేసు కొట్టివేయబడినను నడవడిని విచారించు హక్కు యజమానికి కలదనియు, నిజము దాచుటయే పెద్ద తప్పనియు చెప్పెను. 2011లో ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు పదవికై వచ్చిన సందీప్ కుమార్ కేసునందు జస్టిస్ మార్కండేయ కట్జూ, యౌవనమునందలి పొరపాట్లను సంఘము క్షమింపనేర్వవలెనని పలికి, వేల్సు విద్యార్థుల ఉదంతమును ఉదాహరించెను. 1970 ఫిబ్రవరిలో తమ భాషకొరకు ఉద్యమించుచున్న ఆ విద్యార్థులు లండను హైకోర్టులో విచారణ జరుగుచుండగా చొరబడి పాటలు పాడిరి. మూడుమాసముల శిక్ష పడినవారిని లార్డ్ డెన్నింగు పీఠము విడిచిపుచ్చి, సత్ప్రవర్తనకు పూచీ మాత్రము వ్రాయించుకొనెను. పాటకై వెలివేయబడిన విద్యార్థులను గన్న ఈ ప్రాంగణమువారికి ఆ కథ పరాయిది కానేరదు.

పిమ్మట 2016 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల పీఠము అవతార్ సింగ్ కేసునందు పూర్వపు తీర్పులన్నిటిని సమన్వయించి సూత్రములను నిర్దేశించెను. ఫారమునందలి ప్రశ్న స్పష్టముగా నుండవలెను. అడుగని విషయమును చెప్పలేదని దోషమెంచరాదు. తనపై కేసున్నట్లు ఎరుగనివానికి దాచినాడను నింద అంటదు. చిన్నవయస్సులో నినాదములిచ్చుట వంటి అల్పమైన విషయమును వ్రాయకపోయినను అధికారి తన వివేచనతో క్షమింపవచ్చును. అనేకమైన కేసులు నడుచుచుండగా బుద్ధిపూర్వకముగా దాచినవానిని మాత్రము తొలగింపవచ్చును. నిజము వ్రాసినంతమాత్రమున ఉద్యోగము తప్పక ఇయ్యవలెననియు లేదు; పూర్వవర్తనమును తూచు అధికారము ప్రభుత్వమునకు మిగిలియే యున్నది. సాయుధ దళముల విషయమున న్యాయస్థానములు నేటికిని కఠినముగనే యున్నవి.

ఆ కాఠిన్యమునకు హేతువు లేకపోలేదు. 2022 జూన్ 17న సైనిక నియామకములకై ప్రకటింపబడిన అగ్నిపథ పథకమును నిరసించు యువకులు తార్నాకకు అనతిదూరముననున్న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో రైలుపెట్టెలకు నిప్పుపెట్టిరి. పోలీసు కాల్పులలో ఒకడు మరణించెను. రెండు దినముల పిమ్మట సైన్యాధికారులు, విధ్వంసమున పాల్గొనలేదని ప్రతి అభ్యర్థియు వ్రాసి యియ్యవలెననియు, పోలీసు వెరిఫికేషన్ లేనిదే ఎవరిని చేర్చుకొనబోమనియు ప్రకటించిరి. ప్రయాణికులున్న స్టేషనును తగులబెట్టినవాని చేతికి తుపాకి ఇయ్యకుండుట అన్యాయమని ఎవరును అనజాలరు. అయితే ఆ దినమున నిప్పుపెట్టినవాడును, ప్లాట్‌ఫారముపై నిలుచుండి నినాదమిచ్చినవాడును ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో ఒకరి వెనుక ఒకరు చేర్చబడినయెడల, ఆ కాగితమును చదువు అధికారి వారిని వేరుపరచుట ఎట్లు? బియ్యమునందలి రాళ్లను ఏరవలసినది పోయి చాటనంతను పారబోసినట్లగును. ఠాణాలోని పుస్తకము ఆరోపణను తెలుపును గాని అపరాధమును నిర్ణయింపదు. ఆ పనికి న్యాయస్థానములున్నవి.

మన ఎదుటనున్న ఈ ఎనుబది ఏండ్ల చరిత్ర నుండి తేలు న్యాయము స్థూలముగా ఇది. ధనమునకు అమ్ముడుపోవుట, మోసము, స్త్రీలపై దౌర్జన్యము, హింస, ఫారమునందు బుద్ధిపూర్వకమైన అసత్యము మొదలైనవి శీలమునకు సంబంధించిన దోషములు. ఏ ప్రభుత్వము వచ్చినను ఇవి దోషములే. పాట, సభ, ఊరేగింపు, నినాదము, పార్టీ సభ్యత్వము మొదలైనవి నాటి పాలకుని అభిరుచి ననుసరించి దోషములును గుణములును అగుచుండును. కౌటిల్యుడు కోశాధికారిని అర్థోపధచేత పరీక్షింపుమనెను గాని, అతడు యౌవనమున ఏ సభలో కూర్చుండెనో విచారింపుమని కోశాధికారి పరీక్షలో చేర్చలేదు. అణు ఇంధన కర్మాగారమున పనిచేయువాని విషయమున అడుగవలసినది, అతడు రహస్యమును కాపాడునా, బెదిరింపునకు లొంగునా, అప్పులలో మునిగి అమ్ముడుపోవునా అని. తన కేసును తానే ఫారమునందు వ్రాసినవానిని ఆ కేసు పేరు చెప్పి ఎవరును బెదిరింపజాలరు, దాచినవానిని బెదిరింపవచ్చును. కావున దేశరక్షణ దృష్టితో చూచినను సత్యము చెప్పినవానికి రక్షణ కల్పించుటయే లాభకరము.

ప్రభుత్వములు చేయవలసినవి మూడు కలవు. ఏ వర్తనము ఏ పదవికి ఎంతకాలము అడ్డమగునో నియమముగా వ్రాసి ప్రకటింపవలెను. తిరస్కరింపదలచినపుడు కారణము తెలిపి, అభ్యర్థి చెప్పుకొనునది వినవలెను. ఉద్యమకాలపు కేసులను ఎత్తివేసితిమని ప్రకటించుటతో ఊరకుండక, న్యాయస్థానముల సమ్మతియు పొంది, ఠాణా పుస్తకములయందు గూడ ఆ విషయము ఎక్కునట్లు చూడవలెను. ఇక ఆర్ట్స్ కళాశాల మెట్లనుండి తార్నాక మీదుగా ఉద్యోగమునకు పోవు యువకులకు చెప్పవలసినది ఒక్కటియే: ఉద్యమించిన దినమున వెనుదీయనివారు ఫారము నింపు దినమునను వెనుదీయక, జరిగినదంతయు జరిగినట్లు వ్రాయుడు, కేసు తీర్పు నకలును జతపరచుడు, అన్యాయము జరిగినచో న్యాయస్థానమునకు పొండు. నిజము వ్రాసినవాడు నష్టపడి, దాచినవాడు నెగ్గుకొనివచ్చు పద్ధతి ఏ రాజ్యమునకును రక్షణ కానేరదు.